మహేంద్రాచలము: బరువు దించుకొని ఎక్కవలసిన కొండ

కులపర్వతములు ఏడు. మహేంద్రము, మలయము, సహ్యము, శుక్తిమంతము, ఋక్షము, వింధ్యము, పారియాత్రము. పురాణపఠనము చేయువారికి ఈ పేర్లు కంఠస్థములే. వరుసలో మొదటిది మహేంద్రమని కూడ తెలియును. ఆ మొదటి పర్వతము ఎచ్చట నున్నదని అడిగినచో మాత్రము పెక్కుమంది మౌనము వహింతురు. ఏటేట తిరుమలకును శబరిమలకును దీక్షతో పోయివచ్చు శ్రీకాకుళమండలవాసి సైతము, తన ఊరి పొలిమేరనుండి ప్రతిదినము కనబడు కులపర్వతమును ఒక్కసారియైనను ఎక్కి యుండడు.

ప్రవచనములలో తరచుగా జరుగు పొరపాటు ఒకటి కలదు. హనుమంతుడు సముద్రలంఘనమునకు పాదము మోపిన మహేంద్రము దక్షిణసముద్రతీరమునందలిది. తమిళదేశమున తిరునెల్వేలి ప్రాంతమున ఆ పేరుగల పర్వతము నేటికిని ఉన్నది. పరశురాముడు తపస్సు చేయుచుండునని ప్రసిద్ధి వహించినది కళింగమహేంద్రము. ఇచ్చట చెప్పబోవునది ఈ రెండవదానిని గూర్చి. ఒడిశా రాష్ట్రమున గజపతి జిల్లాలో, ఆంధ్రదేశపు సరిహద్దును ఆనుకొని, 1501 మీటర్ల యెత్తున ఇది నిలిచియున్నది. తూర్పున దిగువకు చూచినచో మందస, సోంపేట ప్రాంతములు, ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు, వానికావల బంగాళాఖాతము. శిఖరమునుండి సముద్రము సూటిగా సుమారు 25 కిలోమీటర్ల దూరము మాత్రమే.

కొండయు కడలియు ఇంత దగ్గరగా నుండుట కవులు గమనింపకపోలేదు. రఘువంశమున ఇందుమతీస్వయంవరఘట్టములో కళింగరాజైన హేమాంగదుని పరిచయము చేయుచు, కాళిదాసు అతనిని మహేంద్రగిరికిని మహాసముద్రమునకును కలిపి ప్రభువనినాడు. ఆ రాజును వేకువను మేలుకొలుపునది సముద్రఘోషయేనట. అదే కావ్యమున నాల్గవసర్గలో రఘుమహారాజు మహేంద్రనాథుని జయించి, అతని సంపదను మాత్రము గైకొని, భూమిని అతనికే విడిచిపెట్టినాడు. ధర్మవిజయమనగా అదియని కవి భావము. ఈ కొండ కథలన్నిటిలోను ఏదో ఒకటి విడిచిపెట్టుట కనబడుచుండును. అది యాదృచ్ఛికము కాదేమో.

పరశురాముడు ఇరువదియొక్కమారు జయించిన భూమినంతటిని కశ్యపునకు దానమిచ్చెను. దానము పుచ్చుకొన్న కశ్యపుడు, ఇక నీవు నా భూమిపై నివసింపరాదని ఆజ్ఞాపించెను. ఇచ్చినవాడు ఆ మాటను పాటించి, రాత్రులు ఆ భూమిపై గడపక మహేంద్రమునకు చేరుచుండెనని బాలకాండము చెప్పుచున్నది. మిథిలనుండి మరలుచున్న శ్రీరామునితో తలపడి ఓడినప్పుడు, ఎక్కుపెట్టిన బాణము వ్యర్థము కారాదని రాముడు ఒక ప్రశ్న వేసినాడు: నీ గమనశక్తిని హరింపవలెనా, లేక తపస్సుచే నీవార్జించిన పుణ్యలోకములను హరింపవలెనా? పరశురాముడు లోకములను వదలుకొనినాడు, గతిని ఉంచుకొనినాడు. ఎందుకనగా సూర్యాస్తమయములోపల మహేంద్రమునకు పోవలెను. ఇచ్చిన మాట తప్పరాదు. సంపాదించిన స్వర్గములన్నియు పోయిన పిమ్మట ఆ మహాతపస్వికి మిగిలినది ఒక్క గమనమే. ఆ గమనము ఈ కొండవైపునకే. కాలినడకన ఈ కొండ నెక్కువాడు ఈ ఘట్టమును ఒక్కమారైనను తలచుకొనకుండుట ఎట్లు?

ద్రోణుని కథయు ఇట్టిదే. పరశురాముడు సర్వస్వము దానము చేయుచున్నాడని విని ధనార్థియై ద్రోణుడు మహేంద్రమునకు వచ్చెను. అప్పటికి బంగారమంతయు బ్రాహ్మణులకును, భూమి కశ్యపునకును చెందిపోయినది. ఇంక ఈ శరీరమును, ఈ అస్త్రములును మాత్రమే మిగిలినవి, ఏది కావలయునో కోరుకొమ్మని ఋషి పలికెను. కర్ణుడును ఇచ్చటికే వచ్చెను గాని అసత్యము మోసికొని వచ్చెను. ఆశ్రమసమీపమున సముద్రపు టంచున సంచరించుచుండగా పొరపాటున ఒక విప్రుని హోమధేనువును చంపి శాపము పొందినాడని శాంతిపర్వము. ఆ పిమ్మట గురుని శాపము. పొందిన విద్య అవసరసమయమున స్ఫురింపలేదు. మహేంద్రము ఇచ్చుటకు వెనుదీయని కొండ. దాచుకొని వచ్చినవానికి మాత్రము దక్కనీయదు.

అరణ్యపర్వములోని తీర్థయాత్రాఘట్టము ఈ విషయమును ఇంకను సూటిగా చెప్పుచున్నది. యాత్రకు బయలుదేరునప్పుడు లోమశమహర్షి ధర్మరాజునకు చేసిన మొదటి ఉపదేశము స్నానవిధి కాదు, మంత్రము కాదు. లఘువు కమ్మని, పరివారమును తగ్గించుకొని తేలికపడినచో స్వేచ్ఛగా సంచరింపవచ్చునని. ధర్మరాజు వెంటనే ఆకలిదప్పులకును చలికిని ఓర్వలేనివారిని, మధురపదార్థములపై మక్కువ గలవారిని, వంటవారి వెంట తిరుగువారిని సగౌరవముగా వెనుకకు పంపినాడు. ఆ తేలికపడిన బృందమే వైతరణిని దాటి, కళింగసముద్రతీరముననే నడచి, మహేంద్రము చేరినది. అచ్చట పరశురాముని శిష్యుడైన అకృతవ్రణుడు వారికొక మాట చెప్పినాడు: భార్గవుడు తపస్వులకు చతుర్దశినాడును అష్టమినాడును దర్శనమిచ్చునని. చతుర్దశినాడు పాండవులకు దర్శనమైనది. ఆ రాత్రి గడపి దక్షిణముగా సాగిపోయిరి. అంతే. వారచ్చట ఏదియు నిర్మించినట్లు వ్యాసుడు చెప్పలేదు.

మరి కొండపై కుంతి, భీమ, యుధిష్ఠిరుల పేర్లతో ఆలయములున్నవి కదా యందురు. ఉన్నవి. జనవాక్యము వానిని పాండవులకు అంటగట్టినది. కుంతీదేవి అరణ్యవాసకాలమంతయు హస్తినలో విదురుని యింటనే ఉండిపోయినదను సంగతి భారతము చదివినవారెరుగుదురు. అయినను ఈ పేర్లను తప్పుపట్టి వాదమునకు దిగుట అనవసరము. కుంతి పేరుగల ఆలయమున వెలసినది గోకర్ణేశ్వరుడు. తూర్పుగాంగరాజుల తామ్రశాసనములు ఈ స్వామి స్తుతితోనే ఆరంభమగును. మహేంద్రశిఖరమున వెలసిన గోకర్ణస్వామి చరణములను అర్చించి రాజ్యము పొందితిమని తరతరములుగా ఆ రాజులు చెప్పుకొనిరి. వారి రాజధాని కళింగనగరము, నేటి శ్రీముఖలింగము, వంశధార ఒడ్డున కలదు. అంతటి సామ్రాజ్యాధిపతులు స్వామిని తమ నగరమునకు దింపుకొనలేదు, నగరమును కొండమీదికి ఎక్కింపలేదు. దూరమునుండి తలచుకొని, శాసనారంభమున నమస్కరించి, పాలన సాగించిరి. రాజేంద్రచోళుని సేన ఇచ్చటికి వచ్చినప్పుడు కూడ పులి, జంటచేపల చిహ్నములతో ఒక శాసనమును చెక్కించి వెడలిపోయినది. కొండ కొండగానే మిగిలినది.

ఇక ఆరోహణమును గూర్చి. మందస వైపునుండి నడచువారికి మొదట జీడితోటలు, మామిడి, పనస తగులును. ఎత్తు పెరిగినకొలది వెదురుపొదలు, ఉసిరి, కరక, ఆకులతో విస్తళ్లు కుట్టు అడ్డతీగ, సవరపల్లెల చెంత జీలుగుచెట్లు. అడవి దట్టమైనచోట్ల మధ్యాహ్నము కూడ సంధ్యవలె నుండును. మాటలాడుచు నడచువారు ఒక గంట గడచునప్పటికి తమంతట తామే మాటలు మానుకొందురు. ఇది వైరాగ్యము కాదు, ఆయాసము. అయినను మౌనము మౌనమే, ఎట్లు వచ్చిననేమి? పైకి చేరగా వృక్షములు వెనుకబడి పచ్చికబయళ్లు విప్పారును. మేఘము కొండపై వాలినదా, పదియడుగుల దూరమున నున్న తోటియాత్రికుడు కానరాడు. తొలగినదా, ఒక్కసారిగా తూర్పున దిగంతము నీలముగా తెరచుకొనును. అది ఆకాశమా సముద్రమా యని కొంతతడవు సందేహము కలుగును. రెంటి నడుమ గీత కనబడిన పిమ్మటనే క్రిందిది నీరని బోధపడును.

ఉపనిషత్తులలో నదీసముద్రదృష్టాంతమును పాఠముగా చదివినవారు బహుళముగ నున్నారు. నదులు నామరూపములను విడిచి సముద్రమున అస్తమించునని వల్లించుట వేరు, చూచుట వేరు. ఈ కొండపై పుట్టిన మహేంద్రతనయ శ్రీకాకుళము జిల్లాలోనికి దిగి బారువ చెంత సముద్రమున కలియుచున్నది. నది పుట్టిన చోటును, నది పేరు పోగొట్టుకొను కడలిని ఒక్క శిఖరమునుండియే చూపగల తీర్థములు ఎన్ని యున్నవి? ఈ ఒక్క కారణముచేతనే వేదాంతవిద్యార్థి ప్రతివాడు జీవితమున ఒకమారు ఇచ్చటికి రావలెననుట అతిశయోక్తి కాదు.

శిఖరభాగమున భీమాలయము పెనుశిలలను పేర్చి కట్టిన చిన్నగుడి. గోపురములకు అలవాటుపడిన కంటికి మొదట ఏమియు తోచదు. గాలికి, పిడుగులకు, వర్షములకు ఎదురొడ్డి శతాబ్దములుగ నిలిచిన ఆ రాళ్లను చేతితో తాకినప్పుడు, దేవాలయమునకు ఇంతకంటె ఎక్కువ అవసరమా యను ప్రశ్న కలుగును.

ఈ ప్రశ్నయే ఇప్పుడు భక్తులు తేల్చుకొనవలసినది.

ప్రస్తుతము వాహనమార్గము శిఖరమునకు చాల దగ్గర వరకు పోవుచున్నది. మహాశివరాత్రినాడు ఒడిశానుండియు ఆంధ్రమునుండియు వేలాదిగ జనులు చేరి జాగరణ చేయుదురు. భక్తి పెరుగుట సంతోషకరమే. అయితే దానితోపాటు కోరికలు కూడ పెరుగుచున్నవి. రహదారి ఆలయద్వారము వరకు పోవలెనని, సిమెంటు మండపములు లేవవలెనని, వసతిగృహములు, విద్యుద్దీపములు, అంగళ్లు కావలెనని, అప్పుడుగాని క్షేత్రము ‘అభివృద్ధి’ చెందదని పలువురు ఆస్తికులే వాదించుచున్నారు. నాస్తికులవలన ఈ కొండకు ఇంతవరకు కలిగిన కీడు ఏమియు లేదు. జాగరణ ముగిసిన మరునాటి ఉదయమున పచ్చికపై మిగులు ప్లాస్టిక్ సీసాలు, థర్మకోల్ పళ్లెములు, చిరుతిండి పొట్లములు భక్తులవే.

అభివృద్ధివాదులు చెప్పు బలమైన హేతువును దాటవేయుట న్యాయము కాదు. వృద్ధులు, వ్యాధిగ్రస్తులు, అంగవికలులు స్వామిని చూడనక్కరలేదా? కొండవాలున నున్న సవరపల్లెలలో గర్భిణిని డోలీ కట్టి మోసికొనిపోవలసిన దుఃస్థితి ఉండవలెనా? ఈ రెండు ప్రశ్నలకును ధర్మశాస్త్రము సూటియైన సమాధానమే యిచ్చును. పల్లెకు బాట కావలెను. అది తీర్థవిషయము కాదు, ప్రాణవిషయము. యాత్రికుని సౌకర్యమునకై రోడ్డు అడుగువారు పల్లెవాసి కష్టమును అడ్డుపెట్టుకొనుటయే అభ్యంతరకరము. ఇక వృద్ధుల సంగతి. మత్స్యపురాణమున ప్రయాగమాహాత్మ్యములో, ఐశ్వర్యమువలన గాని లోభమువలన గాని మోహమువలన గాని వాహనమెక్కి తీర్థమునకు పోవువానికి ఆ యాత్ర నిష్ఫలమని మార్కండేయుడు ధర్మరాజుతో చెప్పినాడు. ఇచ్చట విశేషణమును జాగ్రత్తగా గమనింపవలెను. నిషేధము వాహనమునకు కాదు, దానికి మూలమైన మదమునకు. అశక్తుడు బండిపై వచ్చిన దోషము లేదు. ఇరువది యేండ్ల యువకుడు తన క్రొత్త కారు గుడిమెట్ల వరకు ఎక్కలేదని చిరాకుపడుట నిష్ఫలయాత్రకు నిర్వచనము. అశక్తులను మార్గాంతమునుండి మోయుటకు నలుగురు యువకులు ముందుకు వచ్చినచో రోడ్డు కంటె అదియే మేలైన సేవ. మోయబడినవారికంటె మోసినవారికే ఎక్కువ లాభమని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ సందర్భమున అర్చకవృత్తిలోనున్నవారికి రుచింపని మాట ఒకటి అనక తప్పదు. జనము పెరిగినచో దక్షిణ పెరుగును, హుండీ నిండును. క్షేత్రాభివృద్ధిని కోరు కంఠములలో ఈ స్వరము కూడ కలిసియున్నది. సర్వస్వదానము చేసినవాని కొండపై ఆదాయపు లెక్క వేయుట ఎంత వింత! ద్రోణునకు లభింపని బంగారమును ఆయన వారసులు అచ్చట వెదకుచున్నట్లున్నది.

2022లో ఒడిశా ప్రభుత్వము మహేంద్రగిరిని జీవావరణపరిరక్షణ ప్రాంతముగ ప్రకటించినది. వెయ్యికి మించిన వృక్షజాతులకు ఈ కొండ ఆటపట్టు. ఇట్టి ప్రకటన వెలువడగానే, ప్రభుత్వము దేవుని దగ్గరకు పోకుండ అడ్డుపడుచున్నదని కొందరు గొణుగుటకు ఆరంభించినారు. దేవుడెచ్చట నున్నాడు? రుద్రాధ్యాయమున నమస్కారములు ఎవరికి చేయుచున్నారో వారు ఒకమారు అర్థముతో చదువుకొనవలెను. వృక్షములకు, పచ్చని ఆకులే కేశములుగ గలవానికి, అరణ్యములకు ప్రభువైనవానికి, గిరులపై శయనించువానికి కదా ఆ నమస్కారములు. గర్భగుడిలో నమకము చెప్పి, వెలుపల ఆ ‘హరికేశముల’నే నరికి మండపము కట్టువానిని రుద్రుడేమనుకొనునో! ఇది కవిచమత్కారము కాదు. నిత్యము పఠించు మంత్రమునకు నిత్యజీవితమున ఏపాటి బాధ్యత యున్నదను ప్రశ్న.

కొండవాలున నివసించు సవరలను గూర్చి కూడ చెప్పవలెను. యాత్రికులు వీరిని దారిచూపు కూలీలుగ మాత్రమే చూచుచున్నారు. ఐతరేయబ్రాహ్మణమున శునశ్శేపోపాఖ్యానము చదివినవారికి ఒక సంగతి గుర్తుండవలెను. తండ్రిమాట వినని విశ్వామిత్రపుత్రులనుండి వచ్చిన జాతులను పేర్కొనుచు శ్రుతి ఆంధ్రులను, శబరులను ఒకే వాక్యమున చెప్పినది. అనగా శ్రుతిని ప్రమాణముగ నంగీకరించు ఆంధ్రుడు శబరుని జ్ఞాతి. సంచి మోయుమని ఏకవచనముతో ఆజ్ఞాపించుటకు ముందు ఈ చుట్టరికమును తలచుకొనుట మంచిది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకటరామమూర్తిగారు ఈ సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును రచించినారు. తెలుగు విషయమున వారి వ్యావహారికవాదముతో అంగీకరింపని పండితులు నేటికిని ఉండవచ్చును. సవరల యిండ్లకు పోయి వారి మాటను శ్రద్ధగా విన్న ఆ శ్రమకు మాత్రము నమస్కరింపక తప్పదు. ఈ అడవి ఇంతకాలము మిగిలినదనిన దానిలో వారి నోములు, నిషేధములు, దేవతాభయము కూడ పాలుపంచుకొనినవి. పోడువ్యవసాయమువలన అడవి నశించెనని వారినే నిందించు నగరవాసి, తన సంచిలోని ప్లాస్టిక్ ను ముందు లెక్కించుకొనవలెను.

కావున ఆచరణీయములను గూర్చి కొంత. బండి ఎచ్చటి వరకు పోవునో అచ్చటనుండి శక్తిగలవారందరు నడవవలెను. అంతకంటె ముందే దిగి నడచినచో మరియు మంచిది. కొండపై భుజించువారికి అడ్డాకుల విస్తరి ఆ కొండయే యిచ్చుచున్నది, సవరల చేతినుండియే దానిని కొనుక్కొనవచ్చును. మోసికొనిపోయినదానిలో మిగిలినది మోసికొనియే దిగవలెను. జాగరణకు మైకులు, సౌండు బాక్సులు అక్కరలేదు. లింగోద్భవకాలమున బ్రహ్మవిష్ణువులకే ఆద్యంతములు దొరకని తత్త్వమును సినిమాబాణీల భజనలతో పట్టుకొనుట అసాధ్యము. పైగా రాత్రి అడవిలో మృగములకును పక్షులకును అది హింస.

జనసమ్మర్దమునకు మాత్రము భారతమే ఉపాయము చూపినది. శివరాత్రి మాఘబహుళ చతుర్దశి. అకృతవ్రణుడు చెప్పినది ప్రతి చతుర్దశియు, ప్రతి అష్టమియు. మాసమునకు నాలుగు దినములు, ఏడాదికి నలువదియెనిమిది. ఒక్క రాత్రి వేలమంది ఒకరినొకరు త్రోసికొనుచు ఎక్కుటకు బదులు, తక్కిన నలువదియేడు దినములలో పదిమంది, ఇరువదిమంది చొప్పున పోయినచో కొండకు భారము కాదు, పోయినవారికి దర్శనము దక్కును. వర్షకాలమున దారి జారును, మేఘము కమ్మి సముద్రము కనబడదు, కనుక ఆ మాసములను విడువవచ్చును. కార్తికము మొదలుకొని మాఘము వరకు ఆకాశము తేరియుండును. పలాసలో రైలు దిగి, ముందుగ బారువకు పోయి మహేంద్రతనయాసంగమమున స్నానము చేసి, ఆ నీటి పుట్టుచోటును వెదకుచు మందస మీదుగ కొండవైపునకు నడచుట ఒక పద్ధతి. ఇది ఏ మాహాత్మ్యగ్రంథమునందును విధింపబడినది కాదు. నది తానే విధించిన క్రమము. రెండు దినములు పట్టును. ఒక జత బట్టలు, కంబళి, అటుకులు, బెల్లము, నీటిచెంబు చాలును. ధర్మరాజు వెనుకకు పంపివేసిన వంటవారిని మరల వెంట తీసికొనిపోనక్కరలేదు.